లండన్‌లో గాంధీజీ బసలు
(ఖరీదైన హోటలు ఎంపికపై ఒక చరిత్ర పాఠం)

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగి రెండు నెలలయింది. ఏ విషయం మీద వ్రాయాలా అని ఆలోచిస్తూ ఉండగా, ఇంట్లోనే విషయం దొరికింది. అది దొరికిన తీరు మొదట చెప్పి, తరువాత చరిత్రలోకి వెళతాను.

మా అమ్మాయి, అల్లుడు గారు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నారు. మా పెళ్లయి యాభై ఏళ్లు నిండుతున్న సందర్భంగా మమ్మల్ని పిలిపించి, నాలుగు రోజులు లండన్ చూపిస్తామన్నారు. అంతవరకు బాగానే ఉంది. తరువాత అమ్మాయి అయిదు హోటళ్ల వివరాలు పంపి, "ఇందులో ఏది కావాలో మీరే చెప్పండి నాన్నా, డబ్బు సంగతి మీకొద్దు" అన్నది. చూస్తే, అన్నీ రాజభవనాల్లాంటివి. వాటిలో చవకైన దానికి ఒక్క రాత్రి అద్దె నా నెల పింఛనును మించి ఉంది.

నేను ముప్పయి అయిదేళ్లు లెక్కల విభాగంలో పనిచేసినవాడిని. టి.ఏ. బిల్లు చేతికి వస్తే, అర్హత ఏ తరగతికి, ఎక్కిన తరగతి ఏది అని చూడకుండా సంతకం పెట్టిన పాపాన పోలేదు. అందుచేత, "ఇంత ఖర్చు అక్కరలేదమ్మా. గాంధీ గారు లండన్ వెళ్లినప్పుడు పేదల పేటలో చిన్న గదిలో ఉన్నారు. మనమెంత?" అన్నాను. అమ్మాయి ఏమీ అనలేదు కాని, పక్కనే ఉన్న మా ఆవిడ అందుకుంది. "ఏమండీ, గాంధీ గారి పేరు చెప్పి యాభై ఏళ్లు నన్ను సత్రాల్లోనే పడుకోబెట్టారు. ఆయన ఎప్పుడూ హోటల్లో దిగలేదా? చూసి చెప్పండి" అన్నది.

జవాబు నాకు తెలియదు. తెలియని దానికి సంతకం పెట్టే అలవాటు లేదు కనుక పుస్తకాలు తీశాను. తీసిన తరువాత, నేను చెప్పినది సగం నిజమేనని తేలింది. ఆ మిగిలిన సగమే ఈ వ్యాసం.

పెద్ద హోటళ్లు పుట్టిన తీరు

యూరప్‌లో పూర్వం ప్రయాణికులకు ఉన్నవి మన పూటకూళ్ల ఇళ్లవంటి బసలే. గుర్రపు బండ్లు ఆగే చోట కింద భోజనం, పైన పడక. ధనికులైతే బంధువుల భవనాలలోనో, అద్దెకు తీసుకున్న ఇళ్లలోనో దిగేవారు. రైళ్లు వచ్చాక ఇదంతా మారింది. ఒకే రోజు వందలమంది నగరంలో దిగడంతో, రైలు కంపెనీలే స్టేషన్ల పక్కన పెద్ద హోటళ్లు కట్టాయి. లండన్‌లోని ప్యాడింగ్‌టన్ స్టేషను హోటలు 1854లో తెరిచారు. 1860లో పార్లమెంటు భవనాలకు దగ్గరగా వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్ హోటలు వచ్చింది. లండన్ హోటళ్లలో మొదటిసారి లిఫ్టు పెట్టినది ఇక్కడేనని చెబుతారు. అది నీటి ఒత్తిడితో నడిచేది. 1865లో లాంగ్‌హామ్ హోటలు వచ్చింది.

ఈ తొలి హోటళ్లకు వెలుపల ఎంత ఆర్భాటం ఉన్నా, లోపల వందల గదులకు కలిపి కొద్దిపాటి స్నానాల గదులే ఉండేవి. పనివాళ్లు వేడినీళ్లు, తొట్టి గదికే మోసుకొచ్చేవారు. 1889 ఆగస్టులో స్ట్రాండ్ వీధిలో తెరిచిన సవాయ్ హోటలు ఈ పద్ధతిని మార్చింది. నాటక ప్రదర్శనలతో డబ్బు సంపాదించిన రిచర్డ్ డోయ్లీ కార్ట్ దాన్ని కట్టించాడు. విద్యుద్దీపాలు, విద్యుత్ లిఫ్టులు, వేడినీటి కుళాయిలు, అనేక స్నానాల గదులు అందులో ఏర్పాటు చేశాడు.

దాన్ని నడపడానికి పిలిపించిన మనిషి సీజర్ రిట్జ్. ఈయన 1850లో స్విట్జర్లాండులో ఒక కొండ గ్రామంలో, రైతు కుటుంబంలో పదమూడో సంతానంగా పుట్టాడు. హోటళ్లలో చిన్న పనులతో మొదలుపెట్టి పైకి వచ్చాడు. వంటశాల బాధ్యత అగస్త్ ఎస్కోఫియే అనే ఫ్రెంచి వంటవానిది. 1898లో లెక్కల్లో తేడాలు వచ్చాయన్న ఆరోపణపై ఇద్దరినీ సవాయ్ నుంచి తొలగించారు. ఆ సంవత్సరమే జూన్ 1న పారిస్‌లో రిట్జ్ తన పేరుతో హోటలు తెరిచాడు. 1906లో లండన్ రిట్జ్ వచ్చింది. కాని అప్పటికే ఆయన ఆరోగ్యం చెడిపోయింది. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకం రాజుగారి జబ్బు వల్ల హఠాత్తుగా వాయిదా పడింది. దాని కోసం నెలల తరబడి చేసిన ఏర్పాట్లన్నీ ఒక్క రోజులో తలకిందులై రిట్జ్ కుప్పకూలిపోయాడు. ఆ తరువాత కోలుకోలేక 1918లో మరణించాడు. అతిథుల సుఖానికి తన సుఖం ధారపోసినవాడి పేరే ఇంగ్లీషు భాషలో సుఖానికి మారుపేరు కావడం విచిత్రం.

1888: మూడు పౌండ్ల బిల్లు

ఇక గాంధీజీ సంగతికి వద్దాం. 1888లో న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లినప్పుడు ఆయనకు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. లండన్‌లో మొదటి బస నార్తంబర్లాండ్ అవెన్యూలోని విక్టోరియా హోటలు. అది తెరిచి అప్పటికి ఏడాది మాత్రమే అయింది. ఓడలో తోడు వచ్చిన మజుందార్ కూడా అక్కడే దిగాడు.

ఓడ దిగేటప్పుడు తెల్లని ఫ్లానెల్ బట్టలు వేసుకోవడం, రేవులో అలాంటి బట్టలవాడు తానొక్కడే కావడం, సామాను సోమవారం దాకా రాకపోవడం, ఈ సిగ్గంతా ఆత్మకథలో ఆయనే చెప్పారు. హోటల్లో లిఫ్టు చూసి, అది కాసేపు కూర్చోవడానికి ఉంచిన చిన్న గది అనుకున్నారట. తలుపు తెరిచేసరికి పై అంతస్తులో ఉన్నారు.

భోజనం సంగతి మరీ కష్టం. తెచ్చిన పదార్థం నచ్చక మరొకటి తెప్పించుకుంటే రెండింటికీ డబ్బు కట్టాల్సి వచ్చింది. చివరికి బిల్లు మూడు పౌండ్లు. ఆనాటి మారకం ప్రకారం 40 రూపాయలకు పైమాటే. అంత కట్టి కూడా దాదాపు పస్తులున్నానని ఆయన వ్రాసుకున్నారు. మిత్రుడు డాక్టర్ ప్రాణ్‌జీవన్ మెహతా వచ్చి, ఇక్కడి జీవితం తెలియాలంటే ఒక కుటుంబంతో కలిసి ఉండాలని చెప్పడంతో మకాం మారింది.

లెక్కలవాడిగా నాకు నచ్చిన విషయం ఏమిటంటే, ఆ తరువాత ఆయన ప్రతి పైసా ఖర్చు పుస్తకంలో వ్రాసి, రాత్రి పడుకునే ముందు నిలవ సరిచూసుకునే అలవాటు చేసుకున్నారు. బండి కూలి మిగుల్చుకోవడానికి రోజుకు ఎనిమిది పది మైళ్లు నడిచారు. తరువాతి కాలంలో లక్షల రూపాయల ప్రజాధనాన్ని అప్పు లేకుండా నడపగలగడానికి ఆ అలవాటే పునాది అని ఆయనే చెప్పుకున్నారు.

1906: సెసిల్ హోటలు, దాని పునాదిలోని డిపాజిట్లు

పద్దెనిమిదేళ్లు గడిచాయి. ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఎనిమిదేళ్లు దాటిన ప్రతి ఆసియావాసీ వేలిముద్రలిచ్చి పేరు నమోదు చేసుకోవాలని, ఆ పత్రం ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని ఆర్డినెన్సు తెచ్చింది. దానికి లొంగబోమని 1906 సెప్టెంబరు 11న జోహాన్నెస్‌బర్గ్‌లో భారతీయులు ప్రతిజ్ఞ చేశారు. (ఆ పక్కనున్న నేటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు.) ఆ ఆర్డినెన్సుకు ఆమోదం ఇవ్వవద్దని బ్రిటిష్ ప్రభుత్వాన్ని కోరడానికి గాంధీజీ, హాజీ ఒజీర్ అలీ లండన్ వెళ్లారు. దిగినది ఎక్కడ? స్ట్రాండ్ వీధిలో, సవాయ్ పక్కనే ఉన్న సెసిల్ హోటల్లో. ఆనాటి ఉత్తరాల మీద చిరునామా అదే.

సెసిల్ అంటే అప్పట్లో సామాన్యమైనది కాదు. 1896లో తెరిచినప్పుడు 800కు పైగా గదులతో యూరప్‌లోకెల్లా పెద్ద హోటలు. కాని దాని పుట్టుక చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం చెబుతాను.

ఆ హోటలు తలపెట్టినవాడు జేబెజ్ బాల్ఫోర్. పార్లమెంటు సభ్యుడు, క్రాయిడన్ పట్టణానికి మొదటి మేయరు. మద్యనిషేధం, దైవభక్తి బోధించే పెద్దమనిషి. 1868లో లిబరేటర్ అనే గృహనిర్మాణ పొదుపు సంస్థ స్థాపించాడు. చర్చి బోధకులనే ఏజెంట్లుగా పెట్టుకున్నాడు. వారి మాట మీద చిన్న ఉద్యోగులు, వితంతువులు, విశ్రాంత జీవనంలో ఉన్నవారు తమ పొదుపంతా అందులో దాచారు. ఆ డబ్బు ఇళ్లు కట్టుకునే సామాన్యులకు అప్పుగా వెళ్లలేదు. బాల్ఫోర్ చేతిలోనే ఉన్న వేరే కంపెనీలకు, వాటి పెద్ద పెద్ద కట్టడాలకు మళ్లింది. ఒక కంపెనీ ఆస్తిని ఇంకో కంపెనీకి ఎక్కువ ధరకు అమ్మినట్టు చూపి, లేని లాభాలకు డివిడెండ్లు పంచారు. 1892లో అంతా కూలిపోయింది. వేల కుటుంబాలు వీధిన పడ్డాయి. వారికోసం చందాలతో సహాయనిధి పెట్టవలసి వచ్చింది. బాల్ఫోర్ అర్జెంటీనా పారిపోయాడు. 1895లో పట్టుకొచ్చి 14 ఏళ్ల కఠినశిక్ష వేశారు. సెసిల్ హోటలు చేతులు మారి పూర్తయింది. ఇటువంటి మోసాలు అరికట్టడానికి 1894లో బ్రిటిష్ పార్లమెంటు గృహనిర్మాణ సంఘాల చట్టం చేసింది.

నేను ఉద్యోగ విరమణ చేసినప్పుడు వచ్చిన గ్రాట్యుటీలో సగానికి పైగా మా పట్టణంలోని ఒక ఫైనాన్సు సంస్థలో వేశాను. ఎక్కువ వడ్డీ, తెలిసిన పెద్దమనిషి మాట, రశీదు మీద అందమైన ముద్ర. ఇతరుల లెక్కలు ముప్పయి అయిదేళ్లు తనిఖీ చేసినవాడిని, ఆ సంస్థ ఆస్తి అప్పుల పట్టీ ఒక్కసారి అడగలేదు. మూడో ఏట షట్టరు పడింది. మన సంఘంలోనే ఆ దెబ్బ తిన్నవారు ఇంకా ఉన్నారు, పేర్లు అనవసరం. అప్పటినుంచి ఇంట్లో ప్రతి రూపాయిని గుప్పిట బిగించి పట్టుకున్నాను. తీర్థయాత్రకు వెళ్లినా ఉచిత సత్రమే. దానికి పొదుపు అని, గాంధీమార్గం అని పేరు పెట్టుకున్నాను. అది పొదుపు కాదు, భయం అని బాల్ఫోర్ కథ చదివిన రాత్రి మొదటిసారి ఒప్పుకున్నాను.

బాల్ఫోర్ శిక్ష ముగిసి జైలునుంచి బయటికి వచ్చినది 1906 ఏప్రిల్‌లో. అదే ఏడాది అక్టోబరులో గాంధీజీ సెసిల్‌లో దిగారు. ఒకే భవనం కథలో ఒకవైపు ప్రజల సొమ్ము స్వంతానికి వాడుకున్నవాడు, మరొకవైపు ప్రజల పనికోసం ప్రజలిచ్చిన సొమ్మును కాణీ లెక్కతో ఖర్చుపెట్టినవాడు.

ఆ ఆరు వారాలు సెసిల్ గదులు ఒక కార్యాలయంలా నడిచాయి. పార్లమెంటు సభ్యులకు, పత్రికలకు, పలుకుబడి గలవారికి వ్రాసిన ఉత్తరాలకు పెన్నీ తపాలా బిళ్లలే అయిదువేల వరకు ఖర్చయ్యాయని ఆయన తరువాత వ్రాశారు. నవంబరు 8న దాదాభాయి నౌరోజీ, సర్ లెపెల్ గ్రిఫిన్ మొదలైన పెద్దలతో కలిసి వలసల మంత్రి ఎల్గిన్ ప్రభువును కలిశారు. అంత ఖరీదైన చోట ఎందుకు దిగారు? నాకు తోచినది ఇది: వేలిముద్రలు వేయించుకోవలసిన నేరస్థులుగా తన జాతిని చూస్తున్న ప్రభుత్వం ముందుకు వెళ్లేటప్పుడు, తలుపు దగ్గరే వెనక్కి పంపలేని చిరునామా కావాలి. ఆ గది ఆయన సుఖానికి కాదు, పంపినవారి గౌరవానికి.

ఫలితం మాత్రం చేదు. తిరుగు ప్రయాణంలో మదీరా ద్వీపం దగ్గర ఆర్డినెన్సుకు ఆమోదం రాలేదన్న తంతి అందింది. ఆ సంతోషం నిలవలేదు. ట్రాన్స్‌వాల్‌కు స్వపరిపాలన రాగానే 1907లో అదే చట్టం అక్కడి శాసనసభలో గట్టెక్కింది.

1909, 1914: రెండు చిరునామాలు

1909 జులైలో గాంధీజీ హాజీ హబీబ్‌తో కలిసి మళ్లీ లండన్ వెళ్లారు. ఈసారి బస పైన చెప్పిన వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్ హోటల్లో. ఈ హోటలుకు మన దేశంతో పాత సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ పాలన పోయాక, 1860 దశకంలో ఇండియా ఆఫీసుకు సొంత భవనం సిద్ధమయ్యే వరకు దాన్ని నడిపినది ఈ హోటల్లోని కొంత భాగంలోనే. మన దేశాన్ని పాలించే కార్యాలయం ఒకప్పుడు అద్దెకు ఉన్న కప్పు కింద, దాదాపు నాలుగు నెలలు ఆయన విజ్ఞాపనలు వ్రాశారు. ఏమీ దక్కలేదు. నవంబరులో తిరుగు ఓడలో 'హింద్ స్వరాజ్' వ్రాశారు.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లోనే కస్తూర్బాతో సహా మళ్లీ లండన్ చేరారు. ఆగస్టు 8న ఆయనకు స్వాగత సభ జరిగింది మళ్లీ సెసిల్ హోటల్లోనే. కాని బస అక్కడ కాదు, కెన్సింగ్‌టన్ ప్రాంతంలో ఒక మామూలు అద్దె ఇంట్లో. మన హైదరాబాదు ఆడపడుచు, డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారి సతీమణి సరోజినీదేవి ఆయనను మొదటిసారి చూసింది ఆ రోజుల్లోనే. నిటారు మెట్లెక్కి వెళ్లి చూస్తే, ఆయన నేలమీద నల్ల కంబళిపై కూర్చుని, జైలునుంచి తెచ్చుకున్న కొయ్య గిన్నెలో చిదిపిన టొమాటోలు, ఆలివ్ నూనె కలుపుకుని తింటున్నారట. చూసి ఆమె పకపకా నవ్వడం, ఆయనా నవ్వి ఆమె ఎవరో పోల్చుకోవడం ప్రసిద్ధమే. సభ పెద్ద హోటల్లో, భోజనం కొయ్య గిన్నెలో. పదిమంది కూడవలసిన చోటు వేరు, తాను బతకవలసిన చోటు వేరు అన్న విభజన అప్పటికి ఆయనకు స్పష్టమైంది.

1931: కింగ్స్‌లీ హాల్

రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కాంగ్రెసు ఏకైక ప్రతినిధిగా వెళ్లిన 1931 నాటి కథ చాలామందికి తెలిసినదే. ఓడలో రెండవ తరగతి ప్రయాణం. సెప్టెంబరు 12న లండన్ చేరి, తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో మ్యూరియల్ లెస్టర్ నడుపుతున్న కింగ్స్‌లీ హాల్ అనే సేవాకేంద్రంలో దిగారు. మేడమీద వాలంటీర్ల కోసం కట్టిన చిన్న చిన్న గదులలో ఒకటి ఆయనది. సమావేశం జరిగే సెయింట్ జేమ్స్ ప్యాలెస్ అయిదు మైళ్ల దూరం. దగ్గరలో ఎక్కడైనా ఉండమని మిత్రులు ఎంత చెప్పినా వినలేదు. సందర్శకుల కోసం నైట్స్‌బ్రిడ్జిలో ఒక కార్యాలయం మాత్రం తీసుకున్నారు. పడక మాత్రం పేదల మధ్యనే.

దీనివల్ల నిద్ర తగ్గింది, ప్రయాణం పెరిగింది. కాని ఏ హోటలూ ఇవ్వలేనిది దొరికింది. తెల్లవారుజామున ఆ వీధుల్లో నడుస్తుంటే కార్మికుల పిల్లలు ఆయన వెంట పరుగెత్తేవారు. అక్టోబరు 2న పుట్టినరోజుకు బొమ్మలు కానుకగా ఇచ్చారు. మన విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల పనులు పోయిన లాంకషైర్ మిల్లు కార్మికులు కూడా ఆయనను ఆప్యాయంగా చుట్టుముట్టారు. సమావేశం విఫలమైంది. 1932 జనవరి 4న ఆయనను అరెస్టు చేశారు. అయినా ఆ పన్నెండు వారాల బస ఇంగ్లండు సామాన్యులకు మన దేశాన్ని పరిచయం చేసింది.

మేము ఏమి ఎంచుకున్నాము

ఈ నాలుగైదు బసలను ఒక కాగితం మీద వరుసగా వ్రాసి చూశాను. 1888లో తెలియక దిగారు, బిల్లు చూసి నేర్చుకున్నారు. 1906లో, 1909లో పనికోసం దిగారు. 1931లో పనికోసమే దిగలేదు. ప్రతిసారీ ఆయన వేసుకున్న ప్రశ్నలు మూడని నాకు తోచింది: డబ్బు ఎవరిది? పని ఏమిటి? మన పక్కన ఎవరుండాలి? గది పెద్దదా, చిన్నదా అన్నది వాటి తరువాతి సంగతి. నేను జీవితమంతా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

మా విషయంలో డబ్బు పిల్లల కష్టార్జితం, అప్పు కాదు. పని, యాభై ఏళ్లు నా వెంట సత్రాల్లో తిరిగిన మనిషికి ఒక్కసారి మర్యాద చేయడం. పక్కన ఉండవలసింది పిల్లలు. అందుకని అమ్మాయికి ఇలా వ్రాశాను: మొదటి రాత్రి మీ అమ్మ ఎంచుకున్న పెద్ద హోటల్లో, మిగిలిన మూడు రాత్రులు లిఫ్టు ఉన్న శుభ్రమైన మామూలు హోటల్లో, మీ గదుల పక్కనే. ఉత్తరం చదివి వినిపిస్తే మా ఆవిడ, "ఇది ఎవరు మంజూరు చేశారండీ?" అని అడిగింది. "ఆడిట్ అభ్యంతరం లేదు" అన్నాను.

ఇటువంటి ప్రయాణం తలపెట్టే మన సభ్యులకు అనుభవం మీద నాలుగు మాటలు. పాత భవనాలలోని హోటళ్లలో లిఫ్టు ఉన్నా, దాని దాకా మెట్లు ఉండవచ్చు. ముందే అడగండి. ఎత్తైన గట్టు ఉన్న స్నానపు తొట్టి మోకాళ్ల నొప్పులవారికి ప్రమాదం. నడిచి ప్రవేశించే షవరు గది కోరండి. ఫలహారం అద్దెలో చేరిందా, శాకాహారం దొరుకుతుందా అన్నవి వ్రాతపూర్వకంగా తెలుసుకోండి. పారిస్, రోమ్, వియన్నా వంటి నగరాలలో అద్దెపై నగర పన్ను వేరుగా పడుతుంది. బ్రిటనుకు ఒక వీసా, షెంగెన్ దేశాలకు మరో వీసా కావాలి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిరాని చవక రేటు మన వయసువారికి చవక కాదు. మందుల చీటీ, ప్రయాణ బీమా మరవవద్దు.

చివరి రోజు స్ట్రాండ్ వీధికి వెళ్లాము. సెసిల్ హోటలు ఇప్పుడు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. 1918లో పుట్టిన బ్రిటిష్ వైమానిక దళానికి మొదటి ప్రధాన కార్యాలయం అదే. 1930లో నదివైపు భాగమంతా పడగొట్టి, పెద్ద గడియారం ఉన్న షెల్ మెక్స్ హౌస్ కట్టారు. వీధివైపు ముఖభాగం మాత్రం మిగిలింది. విక్టోరియా హోటలు భవనం నిలిచే ఉంది, అందులో కొంత భాగం ఇప్పుడు విద్యార్థుల వసతిగృహం. గాంధీ అనే విద్యార్థి మూడు పౌండ్ల బిల్లుకు హడలిపోయిన చోట విద్యార్థులే ఉండడం సబబుగానే తోచింది.

అక్కడినుంచి బో వెళ్లాము. కింగ్స్‌లీ హాల్ గోడమీద స్మారక ఫలకం ఉంది. మేడమీది చిన్న గదిని అలాగే భద్రపరిచారు. మా ఆవిడ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లన్నీ ఎక్కింది. గుమ్మంలో నిలబడి లోపలికి చాలాసేపు చూసింది. "మన మొదటి క్వార్టరులో వంటగది ఇంతే ఉండేది కదండీ" అన్నది. అవునన్నాను. ఆ వంటగదిలో ఇద్దరు పిల్లలు పెరిగారు, నలుగురు బంధువుల పిల్లలు చదువుకున్నారు. కిందికి దిగేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె వద్దనలేదు.